మీ కారుకి ముగ్గురు మూడు ధరలు ఎందుకు చెప్పారంటే

ప్రశ్న: నమస్తే అండి. మా నాన్నగారు ఏడేళ్ల కిందట కొత్తగా కొన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ ఇప్పుడు అమ్మేద్దాం అనుకుంటున్నాం, ఆయనకి చూపు తగ్గి డ్రైవింగ్ మానేశారు. మాన్యువల్ గేర్లు, మొదటి నుంచీ ఆయన ఒక్కరే నడిపారు, మీటర్ మీద 59,400 కిలోమీటర్లు ఉంది. అదే మోడల్ ఇప్పుడు కొత్తది 100 అనుకుంటే, ఆన్‌లైన్‌లో వివరాలు కొడితే 46 చూపించింది, పాత కార్ల డీలర్ ఒకాయన వచ్చి చూసి 34 అన్నాడు, మా బావగారేమో 55కి పైసా తగ్గొద్దు అంటున్నారు. ఇంకొకరు ఏడాదికి 15 శాతం చొప్పున తీసేస్తూ పో, అదే ధర అన్నారు. ముందు బంపర్ ఒకసారి మార్చారు, వెనక డోర్ మీద ఒక గీత ఉంది, ముందు టైర్లు రెండూ బాగా అరిగాయి. అమ్మేముందు మొత్తం పెయింట్ కొట్టించి టైర్లు మార్పించనా? అసలు మా కారు ధర ఎంతని నేను నమ్మాలి? ఇంకో సంగతి, నాన్నగారు పెట్రోల్ కొట్టించిన ప్రతిసారీ ఒక చిన్న పుస్తకంలో రాసుకునేవారు, దాన్ని మాత్రం నేను ఎవరికీ ఇవ్వను.

సమాధానం: ముందుగా ఒక మాట, మీ ఉత్తరంలో చివరి లైన్ మీరు ఏదో మమకారం కొద్దీ రాసినట్టున్నారు గానీ నాకు అన్నిటికన్నా పనికొచ్చే లైన్ అదే. దాని దగ్గరికి చివర్లో వస్తా. నేను 14 ఏళ్లుగా పాత కార్లు చూసి ధర కట్టే పనే చేస్తున్నా, అందుకని ఇది కొంచెం పొడుగ్గానే చెప్తా, ఓపిగ్గా చదవండి.

మీకు ధర చెప్పిన ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదండి. ముగ్గురూ మూడు వేరువేరు ప్రశ్నలకి జవాబు చెప్పారు అంతే. డీలర్ చెప్పింది "నేను ఈరోజు డబ్బులిచ్చి తీసుకెళ్తే ఎంతిస్తాను" అని. ఆన్‌లైన్ చూపించింది "ఇలాంటి కార్లు మామూలుగా ఎంతకి పోతున్నాయి, అది కూడా మీరు కొట్టిన వివరాలన్నీ నిజమైతే" అని. మీ బావగారు చెప్పింది బహుశా మీ నాన్నగారు అప్పట్లో మొత్తం కలిపి ఎంత పెట్టారో గుర్తుపెట్టుకుని అందులోంచి తీసిన అంకె, లేకపోతే ఏదో ఒక ప్రకటనలో చూసిన అంకె. ఈ తేడా ఇప్పటిది కాదు, 1926లో లాస్ ఏంజెలెస్‌లో లెస్ కెల్లీ అనే కార్ల వ్యాపారి బ్లూ బుక్ పేరుతో పాత కార్ల ధరల పుస్తకం వేశాడు, దానికి మూలం ఏంటంటే ఏ కారుకి తను ఎంత ఇచ్చి కొంటాడో అని రాసుకున్న లిస్టు. అంటే వ్యాపారి కొనే ధర. ఇవాళ ఇలాంటి గైడ్ ఏది చూసినా ఒకే కారుకి డీలర్ కొనే ధర ఒకటి, ఇద్దరు మామూలు మనుషులు నేరుగా అమ్ముకునే ధర ఒకటి, డీలర్ తన షోరూంలో పెట్టి అమ్మే ధర ఒకటి ఉంటాయి. వీటి మధ్య తేడా చిన్నది కాదు. కాబట్టి ఎవరైనా అంకె చెప్తే మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న, ఇది ఏ ధర అని.

ఇప్పుడు ఆ 15 శాతం సంగతి. ఏడాదికి 15 అని కొత్త ధరలోంచి ఏడుసార్లు తీసేస్తే 105 అవుతుంది, అంటే కారు ఇచ్చి మీరే ఎదురు 5 ఇవ్వాలి, అది ఎలాగూ కాదు కదా. ప్రతి ఏడాదీ మిగిలినదాంట్లోంచి 15 శాతం తీయాలి, అలా తీస్తే 100 కాస్తా 85, తర్వాత 72, 61, 52, 44, 38, ఏడో ఏడాదికి 32 దగ్గర ఆగుతుంది. సరే, కానీ కొత్త కారు మొదటి ఏడాదే ఎక్కువ పడిపోతుంది, 20 శాతం అనుకోండి, తర్వాత నెమ్మదిస్తుంది, ఏడాదికి 10 అనుకోండి, అప్పుడు ఏడేళ్లకి 42 దాకా వస్తుంది. చూశారా, రెండూ విని సబబే అనిపించే లెక్కలే, ఒకటి 32 అంటోంది ఇంకోటి 42 అంటోంది. ఇంత తేడా వచ్చే సూత్రం పట్టుకుని బేరానికి కూర్చోలేం. అది ఏదో దూరం నుంచి అంచనా వేసుకోడానికి పనికొస్తుంది తప్ప మీ కారు మీద పెట్టే ధరకి పనికిరాదు. పైగా మార్కెట్ కూడా ఎప్పుడూ ఒకేలా ఉండదు, 2021లో కార్లలో వాడే కంప్యూటర్ చిప్‌లకి కొరత వచ్చి కొత్త కార్లు దొరక్కపోతే అమెరికాలో పాత కార్ల ధరలు జూన్ నాటికి ఏడాదిలో 45 శాతం పెరిగాయి. ఆ ఏడాది 15 శాతం తీసేసి అమ్ముకున్నవాళ్లు ఎంత పోగొట్టుకుని ఉంటారో ఆలోచించండి. పాత కారు ధర పాతబడుతూ కూడా పెరగగలదు.

మరి ఎలా కట్టాలి అంటే, మీ కారుని చూసి కాదండి, మీ కారు లాంటి కార్లు ఈమధ్య ఎంతకి పోయాయో చూసి. ధర బయట కొనేవాళ్ల దగ్గర ఉంటుంది, బానెట్ కింద ఉండదు.

అదే మోడల్, అదే వేరియంట్, పెట్రోల్, మాన్యువల్, మీ ఏడాదిది లేదా ఒక ఏడాది అటూఇటూ, ఇలాంటివి పది ప్రకటనలు ఏరండి. వేరియంట్ దగ్గర చాలామంది పొరపాటు పడతారు, టాప్ మోడల్ ధర చూసి బేస్ మోడల్‌కి అంతే కావాలి అంటారు, కొత్తలో ఆ రెంటికీ మధ్య ఎంత తేడా ఉందో పాతబడ్డాక అంత ఉండదు గానీ తేడా మాత్రం ఉంటుంది. రెండు నెలల కన్నా పాత ప్రకటనలు లెక్కలోకి తీసుకోవద్దు. ఇప్పుడు మీకు దొరికిన పది ఇలా ఉన్నాయనుకోండి, 38, 41, 42, 43, 44, 44, 45, 47, 52, 58. అన్నీ కూడి పదితో భాగిస్తే 45.4 వస్తుంది, కానీ ఆ 58, 52 లేకపోతే అంత రాదు, ఆ ఇద్దరి ఆశ మొత్తం లెక్కని పైకి లాగేసింది. అందుకే వరసగా పేర్చి నడిమిది తీసుకోండి, 44. ఒకడు 58 బదులు 90 పెట్టినా నడిమిది 44గానే ఉంటుంది, అందుకే నేను ఎప్పుడూ నడిమిదే తీసుకుంటా.

ఇక్కడ చాలా జాగ్రత్తగా చూడాల్సింది ఇంకోటుంది. ప్రకటనలో ఉన్నది అడిగే ధర, అమ్ముడైన ధర కాదు. అంతకన్నా ముఖ్యంగా, సరైన ధర పెట్టిన కారు నాలుగు రోజుల్లో పోతుంది, ఎక్కువ పెట్టిన కారు మూడు నెలలు అలాగే ఉంటుంది, కాబట్టి మీరు ఏ రోజు వెతికినా మీ కళ్లకి ఎక్కువగా కనపడేవి అమ్ముడుపోని కార్లే. మీ బావగారు చూసిన 55 కూడా అలాంటిదే అయ్యుండొచ్చు. అందుకని ఒక్కరోజు చూసి వదిలెయ్యకుండా ఆ పదింటినీ రాసుకుని రెండు మూడు వారాలు గమనించండి, ఏవి మాయమయ్యాయి, ఏవి ధర తగ్గించాయి, ఏవి కదలకుండా ఉన్నాయి. మాయమైనవి 41, 43, 44 అయి, 52, 58 అలాగే కూర్చుంటే మార్కెట్ మీకు జవాబు చెప్పేసినట్టే. ఆ మాయమైనవాటిలో కూడా బేరంలో కొంత తగ్గి ఉంటుంది, కాబట్టి 44 అడిగిన కారు 42 దగ్గర పోయి ఉంటుందని పెట్టుకోండి.

మీ ఊహ సరైనదో కాదో చూసుకోడానికి ఇంకో చిన్న లెక్క చెప్తా, నాకు ఇది బాగా ఇష్టం. అదే మోడల్‌లో ఆరేళ్ల కార్లు, ఎనిమిదేళ్ల కార్లు కూడా విడివిడిగా చూసి వాటి నడిమి అంకెలు తీయండి. ఆరేళ్లది 50, ఎనిమిదేళ్లది 39 వచ్చిందనుకోండి, రెండేళ్లలో 50 కాస్తా 39 అయింది, అంటే ఏడాదికి సుమారు 12 శాతం. ఇది ఎవరో చెప్పిన 15 కాదు, మీ మోడల్‌ది, ఈ నెలది. 50లోంచి 12 శాతం తీస్తే మీ ఏడేళ్ల కారుకి 44, ఇందాక పది ప్రకటనల్లో వచ్చిందీ అదే. రెండు దారుల్లో వెళ్లినా ఒకే చోటికి వస్తే ఇంక ధైర్యంగా ఉండొచ్చు, రాకపోతే ఎక్కడో వేరే వేరియంట్ కలిసిపోయిందన్నమాట, మళ్లీ చూడండి. ఆన్‌లైన్‌లో ధర చూపించే ప్రోగ్రాం కూడా పెద్ద ఎత్తున చేసేది ఇలాంటి పనే, వేల కార్ల అమ్మకాలు చూసి వయసుకి ఇంత, కిలోమీటర్లకి ఇంత, గేర్‌బాక్సుకి ఇంత అని విడదీస్తుంది. ఈ ఆలోచన కంప్యూటర్లకంటే ముందుదే, ఆండ్రూ కోర్ట్ అనే ఆయన 1939లోనే కార్ల ధరల్ని ఇలా గుణాల వారీగా విడదీసి లెక్కలు కట్టాడు. కానీ ఆ ప్రోగ్రాంకి మీ డోర్ మీద గీత కనపడదు, ఇంజన్ చప్పుడు వినపడదు. అందుకే మీకు చూపించిన 46 అనేది వాళ్ల మనిషి వచ్చి చూశాక నిలబడే అంకె కాదు, దాన్ని ముందు పెట్టుకుని కలలు కనొద్దు.

ఇప్పుడు కిలోమీటర్లు. మీ కారు ఏడేళ్లలో 59,400, అంటే ఏడాదికి సుమారు 8,500, తక్కువే తిరిగింది. కానీ మీరు చేయకూడని పని ఒకటుంది, వయసుకి తీసేశాం కాబట్టి ఇప్పుడు 59,400 కిలోమీటర్లకి కూడా విడిగా తీసేద్దాం అనుకోవడం. ఏడేళ్ల కారు అంటేనే కొంత తిరిగి ఉంటుంది, ఆ తిరుగుడు తాలూకు కోత ఆ 44లో ఆల్రెడీ ఉంది. మీరు చూడాల్సింది మిగతా పది కార్ల కన్నా మీది ఎంత ఎక్కువ లేదా ఎంత తక్కువ తిరిగిందీ అని మాత్రమే. అవి నడిమిగా 78,000 తిరిగి ఉంటే మీది 18,600 తక్కువ. ఒకే ఏడాది కార్లలో 60 వేలు తిరిగినదానికీ 80 వేలు తిరిగినదానికీ ప్రకటనల్లో తేడా 2 ఉంటే, మీరు ఒక 2 కలుపుకోవచ్చు. అంతకన్నా ఎక్కువ ఆశపడొద్దు, ఎందుకంటే తక్కువ తిరిగిన కారు అన్నిటికీ మంచిదని కూడా కాదు, నెలల తరబడి కదలకుండా ఉంటే బ్యాటరీ పోతుంది, రబ్బరు సీళ్లు ఎండిపోతాయి, టైర్లు అరక్కుండానే గట్టిపడి పగుళ్లిస్తాయి. తెలిసిన కొనుగోలుదారు ఇది అడుగుతాడు.

ఇంకొకటి, దీని గురించి మీరు ఈ వారమే ఆలోచించాలి. 2012లో అమెరికాలో నికొలా లాసెటెరా, డెవిన్ పోప్, జస్టిన్ సిడ్నర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 2 కోట్ల 20 లక్షలకి పైగా పాత కార్ల హోల్‌సేల్ అమ్మకాలు పరిశీలించి ఒక సంగతి బయటపెట్టారు, మీటర్ ప్రతి 10,000 మైళ్ల గీత దాటగానే ధర ఒక్కసారిగా మెట్టు దిగినట్టు దిగుతుందని. 79,900కీ 80,000కీ ఇంజన్‌లో ఏ తేడా ఉండదు, మనిషి కన్ను ఎడమవైపు అంకెనే చూస్తుంది కాబట్టి అలా జరుగుతుంది. కిలోమీటర్లకి కూడా మన కన్ను అదే కన్ను. మీది 59,400 దగ్గర ఉంది. ఇంట్లో ఎవరైనా దాన్ని దూర ప్రయాణాలకి తీస్తుంటే ఆపండి, 60,000 దాటకముందే ప్రకటన పెట్టండి, వెతికేవాళ్లు "60 వేల లోపు" అని ఫిల్టర్ పెట్టుకుంటే మీ కారు వాళ్లకి కనపడాలి కదా.

ఇక నేను అసలు చెప్పాలనుకున్న విషయం. పాత కారు ధరలో పెద్ద పెద్ద కోతలు పాతదనానికి పడవండి, అనుమానానికి పడతాయి. కొనేవాడికి తెలియని ప్రతిదానికీ వాడు చెడ్డగానే ఊహించుకుని ధర తగ్గిస్తాడు, ఇందులో వాడి తప్పేం లేదు, వాడి స్థానంలో మనమున్నా అంతే. జార్జ్ ఎకర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో ఈ పాత కార్ల మార్కెట్‌ని ఉదాహరణగా తీసుకునే ఒక పేపర్ రాశాడు, మూడు పత్రికలు వద్దన్నాక నాలుగోది వేసింది, తర్వాత 2001లో నోబెల్ పంచుకున్నాడు. ఆయన చెప్పింది సుమారుగా ఇది, కారు మంచిదో చెడ్డదో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలీదు, తెలీదు కాబట్టి వాడు అందరికీ ఒకే నడిమి ధర ఇస్తానంటాడు, ఆ ధరకి మంచి కారు ఉన్నవాడు అమ్మడానికి ఇష్టపడడు, వెనక్కి తగ్గుతాడు, మార్కెట్లో చెడ్డవే మిగులుతాయి, అది చూసి కొనేవాళ్లు ఇంకా భయపడి ఇంకా తగ్గిస్తారు. కొత్త కారు కొన్న నెలకే అమ్మబోతే అంత నష్టం ఎందుకంటే పన్నులూ డీలర్ మార్జినూ పోవడం ఒక కారణం, "నెలకే ఎందుకు అమ్ముతున్నాడు, ఏదో ఉంది" అనే అనుమానం ఇంకో కారణం. మీరు ఆ మంచి కారు ఉన్న మనిషి. మీ కారు మంచిదని మీకు తెలిస్తే చాలదు, ఎదుటివాడికి కాగితం మీద కనపడాలి.

నాకు జరిగిందే చెప్తా. నా మొదటి కారు అమ్మినప్పుడు టైమింగ్ బెల్ట్ మార్చి ఆరు నెలలు కూడా కాలేదు, అది తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్లు గుద్దుకుని ఇంజన్ మొత్తం పోతుంది కాబట్టి గడువు కన్నా ముందే మార్పించా. కానీ ఇల్లు మారేటప్పుడు బిల్లులున్న కవర్ ఎక్కడో పోయింది. కొనడానికి వచ్చిన పెద్దాయన చాలా మర్యాదస్తుడు, "మీరు మార్పించే ఉంటారు బాబూ, కానీ నా దగ్గర రుజువు లేదు కదా, నేను మళ్లీ మార్పించాల్సిందే" అని బెల్ట్ ఖర్చు మొత్తం, పనివాళ్ల కూలితో సహా తీసేశాడు. ఆయన అన్నదాంట్లో తప్పు పట్టలేకపోయా. అప్పట్నుంచి నేను ఒక్క బిల్లు కూడా పారేయలేదు.

కొనేవాడికి అనుమానం ఎందుకుంటుందో ఇంకోవైపు నుంచి కూడా చూడండి. ఒకసారి నా దగ్గరికి ఒక కారు వచ్చింది, మీటర్ 48,000, పైన చూస్తే మెరిసిపోతోంది. డోర్ తీసి కూర్చునే ముందు కిందకి వంగి బ్రేక్ పెడల్ చూశా, దాని రబ్బరు మీద ఉండాల్సిన గీతలు లేవు, అరిగి నున్నగా సబ్బుబిళ్లలా అయిపోయింది, కుడి అంచు దగ్గర లోపలి ఇనుము కూడా బయటపడింది. సీటు పక్కన ఎత్తుగా ఉండే భాగం, మనం ఎక్కుతూ దిగుతూ రుద్దుకునేది, మెత్తగా కుంగిపోయింది. 48 వేలకి అలా అవ్వదు. బానెట్ ఎత్తి చూస్తే ఒక మూల, రేడియేటర్ పైన అడ్డంగా ఉండే పట్టీ మీద ఆయిల్ మార్చినప్పుడు అంటించే స్టిక్కర్ ఒకటి, సగం చిరిగి, నూనె మరకల కింద, దాని మీద పెన్నుతో రాసిన అంకె 1,12,000. మీటర్ తిప్పేసినవాళ్లు ఆ స్టిక్కర్ మర్చిపోయారు. తెచ్చినాయనకి పాపం ఏమీ తెలియదు, ఆయన కొన్నప్పుడే అది అలా ఉంది. ఇలాంటివి చూసినవాళ్లు మీ 59,400ని కూడా మొదట నమ్మరు, అందుకు బాధపడొద్దు.

మీ కారు చూడ్డానికి వచ్చినవాడు ఏం చూస్తాడో చెప్తా, మీరే ముందు చూసుకోండి. బానెట్ కింద ఫెండర్లు, అంటే ముందు చక్రాల పైన ఉండే రేకులు, పట్టి ఉంచే బోల్టుల తలల మీద రంగు గీరుకుని ఉందా అని చూస్తాడు, గీరుకుంటే పానా పెట్టి విప్పారన్నమాట. డోర్ చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్ కొంచెం లాగి కింద కంపెనీ వేసిన గుండ్రటి వెల్డింగ్ చుక్కలు వరసగా ఉన్నాయా అని చూస్తాడు. సీటు బెల్ట్ చివరిదాకా లాగి బురద మరక గీతలా ఉందా అని, స్టెప్నీ ఎత్తి కింద గుంటలో తుప్పు గానీ మట్టి గానీ ఉందా అని, ఈ రెండూ నీళ్లలో మునిగిన కారుని పట్టిస్తాయి. టైరు పక్కన ఉండే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చదువుతాడు, 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం, స్టెప్నీ తేదీ కారు తేదీకి దగ్గరగా ఉంటే వాడికి నమ్మకం పెరుగుతుంది. కొందరు పెయింట్ మందం కొలిచే మిషన్ కూడా తెస్తారు, కంపెనీ పెయింట్ సాధారణంగా 100 నుంచి 180 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మధ్య ఉంటుంది, ఒక డోర్ మీద ఉన్నట్టుండి 300 చూపిస్తే మళ్లీ రంగేశారని, వెయ్యి దాటితే కింద లప్పం పెట్టారని వాడికి వెంటనే తెలిసిపోతుంది.

అందుకే మీ పెయింట్ ప్రశ్నకి నా జవాబు, వద్దు, అస్సలు వద్దు. ఏడేళ్ల కారు మొత్తం కొత్త పెయింట్‌తో మెరుస్తుంటే కొనేవాడు సంతోషించడు, "దేన్ని దాస్తున్నారు" అని అడుగుతాడు, మీరు డబ్బు పెట్టి మరీ అనుమానం కొనుక్కున్నట్టు అవుతుంది. డోర్ మీద గీత అలాగే ఉండనివ్వండి, ఫోటోలో దగ్గరగా చూపించండి. బంపర్ మార్చిన సంగతి కూడా ముందే రాసెయ్యండి, అది ప్లాస్టిక్ ముక్క, దానివల్ల తగ్గేది చాలా తక్కువ, కానీ మీరు చెప్పకుండా వాడే కనిపెడితే "ఇది దాచారు, ఇంకేం దాచారో" అని లెక్క మొత్తం మారిపోతుంది. ఛాసిస్‌కి దెబ్బ తగలడం వేరు, ఎయిర్‌బ్యాగులు తెరుచుకోవడం వేరు, అవి నిజంగా ధరని పెద్దగా కిందకి లాగుతాయి, మీకు అవేం లేవు.

టైర్లు కూడా నాలుగూ మార్చొద్దు, పెట్టిన డబ్బంతా తిరిగి రాదు. అరిగిన రెండూ మాత్రం, అరుగుదల గుర్తు దాకా వచ్చేసి ఉంటే, మార్చండి, ఎందుకంటే అది ప్రాణానికి సంబంధించింది, టెస్ట్ డ్రైవ్‌కి ఎవరో ఒకరు దాని మీదే వెళ్తారు. మీటర్ దగ్గర ఏదైనా వార్నింగ్ లైట్ వెలుగుతుంటే అది మాత్రం తప్పకుండా బాగుచేయించండి, చిన్న సెన్సార్ తాలూకుది అయినా కొనేవాడు ఇంజన్ పోయిందనే లెక్కేస్తాడు. రెండో తాళంచెవి వెతికిపెట్టండి. లోపల శుభ్రంగా కడిగించండి, కానీ ఇంజన్‌ని నీళ్లు కొట్టి తళతళలాడించొద్దు, ఆయిల్ కారడం దాచడానికి కడిగించారనుకుంటారు. లోన్ ఏమైనా మిగిలుంటే తీర్చేసి ఆ కాగితం తెచ్చుకోండి. మ్యూజిక్ సిస్టమ్, సీటు కవర్లు, అలాయ్ వీల్స్ లాంటివాటికి పెట్టిన డబ్బు ధరలో కలుపుకోవద్దు, అవి ఉంటే కారు కొంచెం తొందరగా పోవచ్చు అంతే. అలాగే మీ మోడల్‌కి కొత్త తరం వస్తోందని వార్తలుంటే అది రాకముందే అమ్మండి, వచ్చాక పాతదాని ధర తగ్గుతుంది. ఇది చదివేవాళ్లలో ఎలక్ట్రిక్ కారు ఉన్నవాళ్లు కూడా ఉండొచ్చు, మీకైతే కిలోమీటర్ల కన్నా ముందు బ్యాటరీ ఆరోగ్యం ఎంత శాతం ఉంది, బ్యాటరీ వారంటీ ఇంకా ఎన్నేళ్లుంది అన్నదే ధర, ఆ రిపోర్టు ముందు తీయించుకోండి.

సరే, మీ అంకెలకి వద్దాం. ప్రకటనల నడిమి 44, అసలు అమ్ముడయ్యేది 42 దగ్గర. తక్కువ తిరిగినందుకు 2 కలిపితే 44. అరిగిన టైర్లకీ గీతకీ కలిపి 1 తీసేయండి, టైర్లు మీరే మార్పిస్తే గీతకి మాత్రం కొంచెం. ఒకే ఓనర్, లెక్కలన్నీ ఉన్నాయి అన్నదానికి 1 నుంచి 2 దాకా కలపొచ్చు, ఇది మీరు ఎంత బాగా చూపిస్తారు అన్నదాని మీద ఉంటుంది. అంటే నేరుగా కొనుక్కునే మనిషికి మీ కారు 44, 45 దగ్గర పోవాలి. ప్రకటనలో 47 పెట్టండి, బేరంలో 44 దాకా రండి, 43 కిందకైతే ఆలోచించండి. నెలలో ఇరవైమంది ఫోన్ చేసి ఒక్కడూ చూడ్డానికి రాకపోతే ధర ఎక్కువైనట్టు, వచ్చినవాళ్లంతా చూసి వెళ్లిపోతుంటే కారులో మీకు కనపడనిదేదో వాళ్లకి కనపడుతున్నట్టు.

డీలర్ 34 గురించి కూడా న్యాయంగా చెప్పాలి. ఆయన దీన్ని 45కి అమ్మగలనని అనుకుంటాడు, అందులోంచి పాలిష్, సర్వీసు, చిన్న చిన్న పనులకి 2, తన లాభం 4 లేదా 5, అమ్ముడయ్యేదాకా డబ్బు ఇరుక్కుపోయి ఉంటుంది కదా దానికి 1 తీస్తే 37, 38 రావాలి. మిగతా 3, 4 మీ కారు గురించి ఆయనకి తెలియనిదానికి తీసుకున్న జాగ్రత్త. అంటే ఆయన మోసం చేయట్లేదు గానీ 34 తక్కువే, కాగితాలు చూపించి 37కి అడగండి, ఆ ధరకి ఒప్పుకుంటే, మీకు పరాయివాళ్లు ఇంటికి రావడం, టెస్ట్ డ్రైవ్‌లు, ఫోన్లు ఇవన్నీ వద్దనుకుంటే ఇచ్చేయడం కూడా తప్పు నిర్ణయం కాదు. ఆ 7 మీ సమయానికీ మనశ్శాంతికీ ఇచ్చిన ధర అనుకోవాలి, అది ఎక్కువా తక్కువా అన్నది మీ ఇంటి పరిస్థితిని బట్టి మీకే తెలుస్తుంది. బావగారికి ఆ పది అంకెల కాగితం చూపించండి, ఆయన మీ మంచి కోరే చెప్పారు, 58 పెట్టినాయన కారు ఇంకా అలాగే ఉందని చూస్తే ఆయనకే అర్థమవుతుంది.

ఇప్పుడు నాన్నగారి పుస్తకం. ఏడేళ్లపాటు పెట్రోల్ కొట్టించిన ప్రతిసారీ తేదీ, లీటర్లు, మీటర్ అంకె రాసుకున్నారంటే, అది మీ కారు మీటర్‌ని ఎవరూ ముట్టుకోలేదనడానికి నేను ఈ 14 ఏళ్లలో చూసిన రుజువులన్నిటికన్నా గట్టిది. ఒక్కరోజులో కూర్చుని అలాంటిది ఎవరూ సృష్టించలేరు, పెన్నులు మారి ఉంటాయి, చేతిరాత మారి ఉంటుంది, ఎక్కడో ఒక పేజీ తడిసి ఉంటుంది. పైగా అందులోంచి మైలేజీ ఎంతొస్తోందో లెక్క తీయొచ్చు, మొదటి ఏడాదికీ ఇప్పటికీ పెద్దగా తగ్గలేదంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉందని చెప్పడానికి మీరు నోరు తెరవక్కర్లేదు. దాన్ని ఎవరికీ ఇవ్వొద్దు, మీరన్నది నిజమే, అది మీదే. ప్రతి పేజీ ఫోటో తీసి సర్వీసు బిల్లుల పక్కన తేదీల వారీగా పెట్టండి, ఆ కాపీలు కొన్నవాళ్లకి ఇవ్వండి, చూడ్డానికి వచ్చినవాళ్లు కూర్చున్నప్పుడు అసలు పుస్తకం టేబుల్ మీద పెట్టి తిరగేయనివ్వండి. వీలైతే ఆ టైంలో నాన్నగారిని కూడా పక్కన కూర్చోబెట్టండి, ఏ ప్రయాణంలో ఎందుకు మైలేజీ తగ్గిందో ఆయన చెప్తారు, కారు ఎలా చూసుకున్నారో ఆ మాటల్లోనే వాళ్లకి తెలుస్తుంది.